గీటురాయికి కూడ పరీక్ష కావలెను

సంతానము లేని ఇంట నింద ముందుగా కోడలి మీద పడుట మన వర్తక కుటుంబములలోను ఉన్నదే. అట్టి జంటలలో సుమారు సగము చోట్ల పురుషుని లోపము కూడ ఉండునని వైద్యులు చెప్పుచున్నారు. వీర్యకణములను ఏరి చేయు చికిత్సలు వచ్చిన పిదపనైనను పెద్దలు ఈ సంగతి ఒప్పుకొనవలసి వచ్చినది. అంతవరకు మేలే.

1992లో బ్రస్సెల్సు వైద్యులు ఒకే వీర్యకణమును సన్నని గాజుసూదితో అండములోనికి ఎక్కించి గర్భములు నిలిపినట్లు ప్రకటించిరి. కోట్ల కణములలో ఒకటి గెలుచు ప్రకృతి పోటీ పోయి, ఏరు పని మనిషి చేతికి వచ్చినది. నిపుణుడు సూక్ష్మదర్శినిలో ఆకారమును, కదలికను చూచి ఒకదానిని పట్టును. లోపలి డి.ఎన్.ఏ. చెడినదో లేదో పై రూపు చెప్పదు. అందుకని కొత్త ఉపాయములు పుట్టినవి. కణమును ఆరువేల రెట్లు పెద్దదిగా చూచుట ఒకటి. నశించనున్న కణములను అయస్కాంతముతో వేరు చేయుట మరొకటి. అండము చుట్టు సహజముగా ఉండు హయలురోనిక్ ఆమ్లమును పళ్లెములో పూసి, దానికి అంటుకొన్న కణమునే తీసికొనుట ఇంకొకటి. వీటికి రుసుము వేరు!

బంగారమునకు గీటురాయి ఉన్నది. ఈ పళ్లెము గీటురాయియేనా? బ్రిటనులో 2,772 జంటలపై పరీక్షించి 2019లో ఫలితము వెల్లడించిరి. పళ్లెము వాడినచోట నూటికి 27.4 జంటలకు, వాడనిచోట 25.2 జంటలకు బిడ్డలు కలిగిరి. ఈ కొద్ది తేడాను బట్టి మేలు రుజువైనదని చెప్పజాలమనిరి. గర్భస్రావములు మాత్రము 7 నుండి 4.3కు తగ్గినవి. కనుక వట్టి బూటకమనరాదు, ఖాయమనియు అనరాదు.

ఏరగా మిగిలిన కణముల హింస మాటేమిటని కొందరు పెద్దల ప్రశ్న. ఆ చర్చ మునులకు విడుచుచున్నాను. మగబిడ్డ కొరకే ఏరుమనువారితో చర్చయే లేదు. 2003 నుండి మన దేశమున గర్భధారణకు ముందు లింగము ఎంచుటయు నేరమే. నన్ను బాధించునది అస్తేయ వ్రతము. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఆ వ్రతమునకు చెప్పిన అతిచారములలో తప్పుడు కొలతలు, నకిలీ సరుకు అమ్ముట ఉన్నవి. “కావచ్చును” అను దానిని “అగును” అని అమ్మినచో అది తప్పుడు తూకము కాదా?

బట్టల కొట్టులో గిరాకీ బేరమాడును, నచ్చకున్న లేచిపోవును. పదేండ్లు ఎదురుచూచి, నగలు కుదువబెట్టి వచ్చిన దంపతులు దేనికైనను తల ఊపుదురు. వారే అడిగిరి, ఇచ్చితిమి అను జవాబు మన బజారులోనే చెల్లదు. రోగి ఆశను తుంచరాదందురు. నిజమే, కాని ఆశకు ప్రత్యేకముగా బిల్లు వ్రాయవచ్చునా?

మన పిల్లలు చికిత్సకు వెళ్లినపుడు ఒక్క లెక్క అడుగవలెను. ఈ అదనపు ఉపాయముతో ఎందరు బిడ్డలు పుట్టిరి, అది లేక ఎందరు పుట్టిరి? గర్భము నిలిచిన లెక్క చాలదు, బిడ్డ ఇంటికి వచ్చిన లెక్క కావలెను.