నాలుగు వస్తువుల గది

వాక్యభాగము: 2 రాజులు 4:8–10, 8:1–6



మన సంఘములో ఒక వృద్ధ దంపతులు అప్పు తీర్చుటకై తమ పెద్ద పెంకుటింటిని అమ్మి, ఊరి చివర రెండు గదుల ఇంటికి మారిరి. గంగాళములు, భోషాణము, తాతలనాటి పందిరి మంచము పరుల పాలాయెను. ఇరువది యేండ్లుగా శుక్రవారపు ప్రార్థన కూటము వారి అరుగుమీదనే జరుగుచుండెను. ఇకమీదట వారికి భారమగునని తలంచి, నేను వారిని అడుగకయే దానిని వేరొక ఇంటికి మార్చితిని.

తరువాత రెండు ఆదివారములు వారు ఆరాధనకు రాలేదు. నేను చూడబోతిని. ఆ తల్లి కన్నీరు తుడుచుకొని, "అయ్యగారూ, ఇల్లు పోయినందుకు ఏడవలేదండీ. ఇల్లు చిన్నదైందని ప్రార్థన కూడా తీసుకుపోయారే!" అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను. వారి సెలవు పొందియే దీనిని వ్రాయుచున్నాను.

ఆ రాత్రి షూనేమీయురాలి చరిత్ర మరల చదివితిని. ఆమె ధనవంతురాలు. అయినను ఏలీషా కొరకు ఆమె సిద్ధపరచినది మేడమీద ఒక చిన్న గది. అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము, నాలుగే వస్తువులు. దైవజనునికి అవి చాలెను. తరువాత కరవు వచ్చినప్పుడు ఆమె ఇల్లు, పొలము విడిచి, ఫిలిష్తీయుల దేశమున ఏడు సంవత్సరములు పరవాసియై యుండెను. తిరిగి వచ్చి రాజునొద్ద మొరపెట్టగా ఆమె సొత్తు ఆమెకు దక్కెను.

అమ్మిన ఇల్లు మనకందరికిని తిరిగి వచ్చునని నేను చెప్పజాలను. అయితే పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంటనే యుండెను. కాపలాకు ఒక సైనికుడును ఉండెను. అయినను వచ్చినవారినందరిని అతడు చేర్చుకొనెను (అపొ. కార్య. 28:16, 30). ఇల్లు అద్దెది, తలుపు మాత్రము తెరచియే యుండెను.

చిన్న ఇంటికి మారువారలారా, సామాను ఏరునప్పుడు, వచ్చినవారు కూర్చుండుటకు ఒక చాపను, వాక్యము చదువుటకు ఒక దీపమును ముందుగా తీసి పెట్టుడి. ఇరుగుపొరుగువారలారా, "పాపము, చితికిపోయిరి" అని అరుగులమీద చెప్పుకొనుట మాని, ఆ ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగి త్రాగుడి.

గత శుక్రవారము కూటము ఆ రెండు గదుల ఇంటనే జరిగెను. లోపల చోటు చాలనివారు వీధిలో చాపలు పరచుకొనిరి. లైటును గుమ్మములో వ్రేలాడదీసితిమి. లోపలివారికిని బయటివారికిని వెలుగు చాలెను.

చిన్న ఇంట పెద్ద మనస్సు నిచ్చు ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.