రెండేళ్ళ కెప్టెన్

అమెరికా సైన్యంలో గ్రీన్ బెరేలు అని పేరున్న స్పెషల్ ఫోర్సెస్ జట్టు అంటే పన్నెండు మంది. ఒక కెప్టెన్, ఆయనకు తోడుగా ఒక వారంట్ ఆఫీసర్, ఆ తర్వాత టీమ్ సార్జెంట్, నిఘా సమాచారం చూసే ఇంకో సార్జెంట్. మిగతా ఎనిమిది మంది ఆయుధాలు, ఇంజనీరింగ్, వైద్యం, కమ్యూనికేషన్లు అనే నాలుగు విద్యల్లో ఇద్దరేసి చొప్పున ఉంటారు. ఇద్దరెందుకంటే, అవసరం వచ్చి జట్టును రెండుగా విడదీసినా ప్రతి సగంలోనూ ప్రతి విద్య తెలిసినవాడు ఒకడు ఉండాలని. ఈ పన్నెండు మందిలో అందరికన్నా ముందు వెళ్ళిపోయేవాడు నాయకుడే. సార్జెంట్లు ఏళ్ళ తరబడి జట్లలోనే పనిచేస్తారు. కెప్టెన్ మాత్రం ఎంపిక పరీక్షలు, క్వాలిఫికేషన్ కోర్సు, ఒక విదేశీ భాష అన్నీ ముగించుకుని జట్టు చేతికొచ్చాక దాదాపు రెండేళ్ళు ఉంటాడు. పని మీద చెయ్యి తిరిగే వేళకు బదిలీ ఉత్తర్వు వస్తుంది. అక్కడి నుంచి ఆయన సర్వీసులో చాలా భాగం ప్రణాళికలు, సమావేశాలు, పవర్‌పాయింట్ బొమ్మల మధ్య గడుస్తుంది. ఇంత కష్టపడి తయారుచేసిన మనిషిని ఇలా ఆఫీసు గదిలో కూర్చోబెట్టడం వృథా అని చాలామంది అంటారు, ఆ అధికారుల్లోనే చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. జట్టు నుంచి తీసేయడం సబబే. తీసేసి ఎక్కడ పెడుతున్నారు, మళ్ళీ ఎప్పుడు వెనక్కి తెస్తున్నారు అన్నదాన్ని బట్టే ఆ వ్యవస్థ మంచిచెడ్డలు తేల్చాలి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ చర్చలో ఆవేశం ఎక్కువ, లెక్క తక్కువ. ఆరు జట్లు కలిస్తే ఒక కంపెనీ, దాని మీద ఒక మేజర్. అలాంటి మూడు కంపెనీల మీద ఒక లెఫ్టినెంట్ కల్నల్. అంటే పద్దెనిమిది మంది కెప్టెన్లకు పైన మూడు కుర్చీలు, వాటి పైన ఒకటి. ఒక్కో కెప్టెన్ ఆరేళ్ళు జట్టును పట్టుకుని కూర్చుంటే, ఎంపిక గట్టెక్కి వచ్చిన కొత్తవాళ్ళు ఆరేళ్ళు బయట కాచుకోవాలి. పైగా 1980 నాటి అధికారుల నిర్వహణ చట్టం ప్రకారం, పై హోదాకు రెండుసార్లు ఎంపిక కాని కెప్టెనో మేజరో మామూలుగా సర్వీసు వదలాల్సిందే. ఉన్నచోటే ఉండిపోతానంటే చట్టమే ఒప్పుకోదు. మన సైన్యంలో ఆ ఒత్తిడి ఇంత తీవ్రంగా లేదు. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసుల తర్వాత రెండేళ్ళకు కెప్టెన్, ఆరేళ్ళకు మేజర్, 13 ఏళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్ హోదాలు సర్వీసు కాలాన్ని బట్టే వస్తున్నాయి. పారా స్పెషల్ ఫోర్సెస్ బెటాలియన్‌కు లెఫ్టినెంటుగా వచ్చి, ప్రొబేషన్ దాటి బలిదాన్ బ్యాడ్జి సంపాదించుకున్న కుర్రవాడు మేజర్ అయ్యేదాకా అదే యూనిట్లో పెరగొచ్చు. అయితే కల్నల్ హోదా ఎంపిక బోర్డు చేతిలోది. బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే. పైకి పోయేకొద్దీ దారి ఇక్కడా ఇరుకే.

లెక్క ఒక్కటే చెబితే అది గత్యంతరం లేని ఏర్పాటులా కనిపిస్తుంది. దానికి మించిన కారణం ఉంది, అది చరిత్రలో దొరుకుతుంది. 1952లో ఫోర్ట్ బ్రాగ్‌లో కల్నల్ ఆరన్ బ్యాంక్ చేతుల మీదుగా మొదటి స్పెషల్ ఫోర్సెస్ గ్రూపు ఏర్పడింది. 1961లో కెనడీ ఆకుపచ్చ టోపీకి అధికారిక గుర్తింపు ఇచ్చాడు. పేరు వచ్చింది కానీ అధికారులకు దారి రాలేదు. అప్పట్లో స్పెషల్ ఫోర్సెస్‌కు సొంత శాఖ లేదు. పదాతి దళం నుంచో ఫిరంగి దళం నుంచో అధికారి కొంతకాలం వచ్చి పనిచేసి, తిరిగి తన సొంత గూటికి వెళ్ళిపోవాలి. మళ్ళీ మళ్ళీ వచ్చేవాడిని ప్రమోషన్ బోర్డు దారి తప్పినవాడిలా చూసేది. వియత్నాంలో 5వ గ్రూపు కమాండర్ కల్నల్ రాబర్ట్ రోను 1969లో ఒక డబుల్ ఏజెంట్ హత్య కేసులో అరెస్టు చేశారు. ఆ కేసు కొట్టేసినా రెగ్యులర్ సైన్యానికి ఈ దళాల మీద ఉన్న అనుమానం కొట్టుకుపోలేదు. స్పెషల్ ఫోర్సెస్‌ను అధికారులకు ప్రత్యేక శాఖగా గుర్తించింది 1987 ఏప్రిల్‌లో. దళం పుట్టిన 35 ఏళ్ళకు గానీ, అందులో చేరిన అధికారి తాను ఏ శాఖకు చెందినవాడో తడుముకోకుండా చెప్పలేకపోయాడు.

మధ్యలో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలను విడిపించడానికి అమెరికా బలగాలు బయల్దేరాయి. ఎనిమిది హెలికాప్టర్లు లేస్తే, ఎడారిలో డెజర్ట్ వన్ అనే చోటికి చేరాక పనికొచ్చేవి ఐదే మిగిలాయి. కనీసం ఆరు కావాలి. వెనక్కి మళ్ళుదామనుకున్నాక ఒక హెలికాప్టర్ సి-130 విమానాన్ని గుద్దుకుంది, ఎనిమిది మంది చనిపోయారు. బందీలున్న టెహ్రాన్‌కు డెల్టా దళం కమాండోలు చేరనే లేదు, కాబట్టి వాళ్ళ నైపుణ్యం అక్కడ పరీక్షకే రాలేదు. హెలికాప్టర్లు నౌకాదళానివి, ఎక్కువమంది పైలట్లు మెరైన్లు, విమానాలు వైమానిక దళానివి. అన్నీ కలిసి ఒక్కసారైనా పూర్తిగా రిహార్సల్ చేయలేదు. తప్పంతా ప్రణాళిక వేసిన బల్ల దగ్గర ఉంది. మనకూ ఇలాంటి పాఠమే ఉంది. 1987 అక్టోబర్ 11 రాత్రి శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయంలో ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని పట్టుకోవాలని 10 పారా కమాండోలను, సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళను హెలికాప్టర్లలో దించారు. దిగేవాళ్ళ కోసం అవతలివాళ్ళు ముందే కాచుకుని ఉన్నారు. సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళు 30 మంది దిగితే 29 మంది అక్కడే నేలకొరిగారు. కమాండోలు పోరాడి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరిని పోగొట్టుకున్నారు. ఆ రాత్రి వాళ్ళ ధైర్యంలో గానీ శిక్షణలో గానీ లోపం ఎవరూ చూపలేదు. ఈ రెండు చోట్లా ఆపరేషన్ గది లోపల, ఇది ఇప్పుడు వద్దు అని గట్టిగా చెప్పగల హోదా, చెప్పడానికి కావలసిన అనుభవం రెండూ ఉన్న మనిషి కొరవడ్డాడు. అలాంటి మనిషి జట్టులోనే ఉండిపోతే ఆ గదిలోకి ఎలా వస్తాడు?

వస్తే ఏమవుతుందో చెప్పే సాక్ష్యమూ ఉంది. 1990-91 గల్ఫ్ యుద్ధంలో అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్‌కు ప్రత్యేక దళాలంటే నమ్మకం తక్కువ. వాళ్ళు చిక్కుల్లో పడితే విడిపించడానికి తన సైన్యాన్నే పంపాల్సి వస్తుందన్న జంకు. ఆయన్ని ఒప్పించి బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్‌ను పశ్చిమ ఇరాక్ ఎడారిలోకి పంపించగలిగింది ఆ ప్రాంతంలో బ్రిటిష్ బలగాల అధిపతి పీటర్ డి లా బిలియేర్. ఆయన ఒకప్పుడు ఎస్‌ఏఎస్‌లో యువ అధికారి, తర్వాత దాని డైరెక్టర్. మధ్యలో బయటి పదవులు చూడకపోయి ఉంటే, ఎంత గొప్ప కమాండో అయినా ఆయన మాట ష్వార్జ్‌కాఫ్ చెవిన పడేది కాదు. అమెరికాలో పీటర్ షూమేకర్‌ది ఇంకో ఉదాహరణ. డెజర్ట్ వన్ నాటి డెల్టా దళంలో ఆయన ఒక అధికారి. 2003లో రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిచి ఆయన్ని సైన్యాధిపతిని చేశారు.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరికీ తెలిసిందే. లెక్కలు బాగా చెప్పే మాస్టారుని హెడ్మాస్టరు చేసి రిజిస్టర్ల పాలు చేస్తే, బడి ఒక మంచి మాస్టారుని పోగొట్టుకుని ఒక చిరాకు హెడ్మాస్టరుని సంపాదించుకుంటుంది. ఇందులో నిజం ఉంది. అయితే జట్టులో కెప్టెన్ ఉన్నది అందరికన్నా బాగా గురి పెట్టడానికి కాదు. గురి పెట్టడం, గాయానికి కుట్లు వేయడం, వంతెన కూల్చడం ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు జట్టులోనే ఉన్నారు. ఈ పని చేయాలా వద్దా, ఎంతవరకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అని తేల్చి, ఆ తేల్చినదానికి జవాబు చెప్పుకోవడానికి ఆయన ఉన్నాడు. చేతి విద్య అక్కడే నిలవాలంటే దానికి వేరే మనిషిని పెట్టాలి. అమెరికన్లు 1980ల్లో అదే చేశారు. అంతకుముందు జట్టులో రెండో స్థానంలో ఒక కుర్ర లెఫ్టినెంట్ ఉండేవాడు. ఆ స్థానంలో సార్జెంటుగా ఏళ్ళు గడిపిన వారంట్ ఆఫీసర్‌ను పెట్టారు. కెప్టెన్లు మారుతుంటారు, ఆయన ఉంటాడు. మన దగ్గర సుబేదార్లు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు, దానికి ఎవరూ కమిటీ వేయలేదు.

రెండో అభ్యంతరం చాలా బరువైనది. నాయకుడు రెండేళ్ళకే వెళ్ళిపోయేవాడైతే అసలు అధికారం ఉండిపోయేవాళ్ళ చేతికి పోతుంది. ఆస్ట్రేలియాలో ఇది ఎంత దూరం వెళ్ళిందో 2020 నవంబర్‌లో వచ్చిన బ్రెరెటన్ నివేదిక చూపింది. అఫ్ఘానిస్తాన్‌లో ఆ దేశపు ప్రత్యేక దళాల వాళ్ళు 39 మందిని అన్యాయంగా చంపారనడానికి, ఆ హత్యల్లో 25 మంది సైనికులకు పాత్ర ఉందనడానికి నమ్మదగిన సమాచారం దొరికిందని అది తేల్చింది. నేరం పుట్టిందీ, జరిగిందీ, దాచబడిందీ ప్రధానంగా పెట్రోల్ కమాండర్ల స్థాయిలో, అంటే సార్జెంట్లు, కార్పొరల్స్ స్థాయిలో అని చెప్పింది. వాళ్ళ పైన కెప్టెన్లున్నారు. కానీ యుద్ధభూమిలో ఎన్నో విడతలు గడిపి వీరుడిగా పేరు మోసిన సార్జెంట్ ముందు, మొన్న వచ్చి రేపు పోయే కెప్టెన్ నోరు విప్పడం తేలిక కాదు. ఏ స్థాయి అధికారులకు ఎంత తెలుసన్నది వేరే విచారణ. తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం వాళ్ళదే, ఆ నైతిక బాధ్యతను నివేదిక కూడా పై అధికారుల మీద పెట్టింది. ఒక స్క్వాడ్రన్‌ను సైన్యం జాబితా నుంచే తీసేశారు.

ఈ సాక్ష్యం నా వాదనకు ఎదురు నిలుస్తుందని ఒప్పుకుంటాను. కానీ కెప్టెన్‌ను ఆరేళ్ళు ఉంచితే రోగం కుదురుతుందన్నది నాకు నమ్మకం కలిగించదు. ఆరేళ్ళు అదే జట్టులో, అదే పొగడ్తల మధ్య, అదే శవాల మధ్య ఉంటే, ఆయన అధికారిగా మిగలకుండా ఆ గుంపులో ఇంకో పెట్రోల్ కమాండర్‌గా మారిపోయే అవకాశమే ఎక్కువ. మందు ఇంకోచోట ఉంది. వెళ్ళిన కెప్టెన్ మేజర్‌గా అదే దళంలోకి తిరిగి రావాలి, ఆ తర్వాత లెఫ్టినెంట్ కల్నల్‌గా మళ్ళీ రావాలి. కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఆయనను చిన్నబుచ్చిన సార్జెంట్‌కు, ఈయన నాలుగేళ్ళలో కంపెనీ కమాండర్‌గా వస్తాడని తెలిస్తే లెక్క మారుతుంది. తిరిగి వచ్చినవాడికి జట్టులోపలి మాట తెలుసు, ఎవరు ఎవరిని కాపాడతారో తెలుసు, నివేదికలో రాసింది రాయనిదాన్ని ఎలా కప్పుతుందో తెలుసు. రెండేళ్ళ గడువు ప్రమాదం అయ్యేది వెళ్ళినవాడు తిరిగి రాని చోటే.

మూడోది, కమాండో అనుభవం లేనివాళ్ళు కూడా కమాండోలను చక్కగా వాడారు కదా అన్న ప్రశ్న. వాడారు. 2016 సెప్టెంబర్‌లో నియంత్రణ రేఖ దాటి దాడులు చేసినప్పుడు ఉత్తర కమాండ్‌ను నడిపిన లెఫ్టినెంట్ జనరల్ డి.ఎస్. హుడా గూర్ఖా రైఫిల్స్ అధికారి. వివేకానికి ఫలానా రంగు టోపీయే ఉండాలని ఎక్కడా లేదు. దాడి చేయడంలో ఆరితేరినవాడికి ప్రతి చిక్కూ దాడితో తీరేదిగా కనబడే ప్రమాదమూ లేకపోలేదు. అందుకే ఆయన్ని మధ్యలో బయటికి పంపాలి అంటున్నాను. తన పని మొత్తం యుద్ధంలో ఎంత చిన్న ముక్కో తెలిసేది రవాణా, సరఫరా, ఇతర దళాల ఇబ్బందులు చూసినప్పుడే. తెలుగు నేల మీద గ్రేహౌండ్స్‌లో ఈ సూత్రం ఇంకో రూపంలో ఉంది. 1989లో కె.ఎస్. వ్యాస్ నెలకొల్పిన ఆ దళానికి సివిల్ పోలీసుల నుంచి వచ్చినవాళ్ళు కొన్నేళ్ళు అడవి పని చేసి మళ్ళీ జిల్లాల పోలీసుల్లోకి వెళతారు. అది సైన్యం కాదు, దాని మీద ఉన్న పౌరహక్కుల ప్రశ్నలు వేరే వ్యాసానికి సరిపడా ఉన్నాయి. కానీ నేర్చినది దళం గోడల లోపలే మిగిలిపోకూడదన్న ఆలోచన సరైనదే.

మన పారా స్పెషల్ ఫోర్సెస్ అధికారులు బయటికి వెళ్ళకుండా లేరు. 2015 నవంబర్‌లో కుప్వారా అడవుల్లో అమరుడైన కల్నల్ సంతోష్ మహాడిక్ 21 పారా నుంచి వచ్చి 41 రాష్ట్రీయ రైఫిల్స్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నాడు. ముందు నిలబడి నడిపించే అలవాటును ఆయన మామూలు బెటాలియన్‌కు తీసుకెళ్ళాడు. 2019లో మూడు దళాల ప్రత్యేక బలగాలను కలిపి సాయుధ దళాల స్పెషల్ ఆపరేషన్స్ డివిజన్ కూడా ఏర్పాటైంది. ఒక మేజర్ జనరల్ కుర్చీ వచ్చింది, మంచిదే. ఆ కుర్చీ దాకా వెళ్ళే మెట్లు కూడా కట్టాలి. ప్రత్యేక దళంలో గడిపిన ఏళ్ళు ఎంపిక బోర్డు ముందు లోటుగా కనబడకూడదు, బయటికెళ్ళినవాడు తిరిగి వచ్చే పదవులు ముందే ఖాయమై ఉండాలి. ఈ దారిలోకి రావాలనుకునే కుర్రవాళ్ళకు నా మాట ఒక్కటే. బలిదాన్ బ్యాడ్జి గురించి ఎంత శ్రద్ధగా చదువుతారో, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ ప్రవేశ పరీక్ష గురించి కూడా అంత శ్రద్ధగా చదవండి.