చిన్న సంగతులు – కఠినమైన సంగతులు

ధ్యానభాగము: నిర్గమకాండము 18:13–26

మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా జనులకు న్యాయము తీర్చుచుండగా అతని మామయైన యిత్రో చూచెను. ఈ భారము ఒక్కడు మోయజాలడనియు, పదిమందికొకనిని, ఏబదిమందికొకనిని, నూరుమందికొకనిని నియమింపుమనియు చెప్పెను. చిన్న సంగతులు వారే తీర్చవలెను. కఠినమైనవి మోషే యొద్దకు తేవలెను.

ఈ క్రమము నేటి వైద్యశాలలోను కనబడుచున్నది. 2022లో కొత్తగూడెములో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. మన పినపాకనుండి అక్కడికి వెళ్లు రోగి మంచము దగ్గరకు డాక్టరు వెంట విద్యార్థులును వత్తురు. 2019లో అమలులోనికి వచ్చిన విద్యావిధానము ప్రకారము విద్యార్థి మొదట చూడవలెను, పిమ్మట సహాయపడవలెను, ఆ తరువాత పెద్దల కన్నులయెదుట తానే చేయవలెను. నాలుగున్నర సంవత్సరముల చదువు ముగిసినమీదట ఒక సంవత్సరము హౌస్ సర్జనుగా పనిచేయును.

ఈ విద్యార్థులలో రెండు విధములైన మాటలు వినబడును. "ఎన్నాళ్లు గోడవారగా నిలిచి చూతుము? చేయనిదే చేయి ఎట్లు తిరుగును?" అని కొందరు. "రాత్రి డ్యూటీలో మా శక్తికి మించిన బరువు మామీద పడుచున్నది" అని మరికొందరు. ఇరువురి మాటయు నిజమే. బాధ్యత ఇయ్యనిదే వైద్యుడు తయారుకాడు. మించిన బాధ్యత రోగికి ప్రాణాపాయము.

అయితే రోగి మాట ఎవరు అడుగుదురు? అడవి పల్లెనుండి జ్వరముతో వచ్చిన కోయ తల్లి, తన చేతికి సూది వేయువాడు డాక్టరో విద్యార్థియో ఎరుగదు. ప్రొఫెసరు విద్యార్థిని నమ్ముట అతని చదువును చూచి. ఆమె నమ్ముట వేరు దిక్కులేక. కలిగినవాడు మరియొక డాక్టరును వెదకుకొనును. కావున వైద్యులు నేర్చుకొనుట బీదల శరీరములమీదనే యెక్కువ. ఇది న్యాయమా? నేర్చుకొనుట తప్పు కాదు. ఆమెకు చెప్పకుండుటయు, చేతగానిది చేతనైనట్లు నటించుటయు తప్పు.

యిత్రో కోరినది సామర్థ్యము మాత్రమే కాదు, దైవభీతియు సత్యమును కూడ. "అమ్మా, నేనింకను చదువుకొనుచున్నాను" అనుట సత్యము. "ఇది నాకు తెలియదు, పెద్ద డాక్టరుగారిని పిలిచెదను" అనుట అవమానము కాదు, కఠినమైన సంగతిని మోషే యొద్దకు తెచ్చుటయే. అట్లు పిలిచినవానిని గద్దించు పెద్ద తన పనిని మరచినవాడు. యిత్రో సలహావలన మోషే భారము తగ్గెను గాని తొలగిపోలేదు.

ప్రియులారా, వైద్యము చదువుచున్న మన బిడ్డలకొరకు ప్రార్థించునప్పుడు, పరీక్షలో జయముకొరకు మాత్రమే కాక, తెలియనప్పుడు తెలియదని చెప్పు ధైర్యముకొరకును ప్రభువును వేడుకొందము.