గురువు పిడికిలి, శిష్యుడి పిడికిలి

మీరు టీచరు కావచ్చు, తల్లో తండ్రో కావచ్చు, ఇంకా చదువుకుంటూ ఉండవచ్చు. ఒక్క సంగతి ఆలోచించండి. పాఠం చివర "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా "అయింది సార్" అంటుంది. అది నిజమేనా?

కుప్పం వైపు బడి ఒకటి అనుకోండి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్ల, బడిలో తెలుగు పాఠం వింటుంది. ఒక మాట తెలియదు. అడిగితే పక్కవాళ్లు నవ్వుతారేమోనని ఊరికే తలూపుతుంది. అందరూ తలూపారు కదా అని అయ్యవారు పుస్తకం మూసేస్తారు. పీరియడ్ అయిపోయింది, చదువు మాత్రం జరగలేదు.

తన బోధలో 'ఆచార్య ముష్టి' లేదని భగవానుడు చివరి రోజుల్లో ఆనందుడితో చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. అంటే శిష్యులకు చెప్పకుండా పిడికిట్లో దాచుకున్నది ఏమీ లేదని అర్థం. మన బడుల్లో చూస్తే ఆ పిడికిలి ఇద్దరికీ ఉంటుంది. "నాకు తెలియదు" అనే మాటను గురువు దాస్తాడు. "నాకు అర్థం కాలేదు" అనే మాటను శిష్యుడు దాస్తాడు. 'నేను' తక్కువైపోతానన్న భయమే ఇద్దరి చేతా ఆ పని చేయిస్తుంది.

చూళపంథకుడికి నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదు. సొంత అన్న మహాపంథకుడే విహారం వదిలి వెళ్లిపొమ్మన్నాడు. తథాగతుడు మాత్రం అతన్ని దగ్గరికి పిలిచి, శుభ్రమైన తెల్లగుడ్డ ఒకటి చేతికిచ్చి రుద్దుతూ ఉండమన్నాడు. గుడ్డ మాసిపోవడం కళ్లారా చూశాక అతనికి అనిత్యం బోధపడింది. శిష్యుడు అతనే, చెప్పే దారి మారింది.

మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ వారు పల్లె బడుల కోసం తయారుచేసిన 'చదువు నిచ్చెన' చూస్తే ఈ కథే గుర్తొస్తుంది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పాఠం చిన్నచిన్న కార్డులుగా ఉంటుంది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఆగిందో అక్కడి నుంచే ముందుకు పోతుంది. ఆగిపోయానని దాచాల్సిన పని లేదు.

"నలభై మంది పిల్లలు, సిలబస్ పూర్తి కావాలి, ఇవన్నీ ఎట్లా కుదురుతాయి?" అంటారా? పుంగనూరులో టీచరుగా ఉన్న మిత్రుడొకాయన కూడా నాతో అదే అనేవారు. ఒకరోజు వెనక బెంచీ పిల్లాడు "మన పుంగనూరు ఆవు ఎందుకు అంత పొట్టిగా ఉంటుంది సార్?" అన్నాడట. "నాకూ తెలియదురా, ఇద్దరం కనుక్కుందాం" అన్నారీయన. ఆ వారం పాఠం కొంచెం వెనకబడింది. కానీ ఆరోజు నుంచి ఆ పిల్లాడు "అర్థం కాలేదు సార్" అని ధైర్యంగా అంటున్నాడు. "ఇన్నేళ్లకు నేనూ మళ్లీ చదువుకుంటున్నా" అన్నారాయన సంతోషంగా.

సిగాలోవాద సుత్తంలో శిష్యుడికి ఐదు విధులు చెప్పారు, గురువుకూ ఐదు చెప్పారు. బాధ్యత ఒకవైపే లేదు. అందుకే రేపు మీ పిల్లలను "అర్థమైందా?" అని అడగకండి. "ఎక్కడ ఆగిపోయావు?" అని అడగండి. వాళ్లు చెప్పేదాకా ఓపికగా పక్కన కూర్చోండి.