ఆల్బమ్‌లోని ముత్తాత: స్మృతియా, ఉపమానమా?

పూర్వీకుల కాలం నాటి ఫోటో ఆల్బమ్‌లో తలపాగాతో కూర్చున్న ఒక పెద్దమనిషిని చూపి "ఈయన మా ముత్తాత" అని ఇంటివారు చెప్పినప్పుడు, ఆ మాటకు ఆధారమైన జ్ఞానం ఎటువంటిదన్నది భారతీయ దర్శనాల దృష్టిలో చిన్న ప్రశ్న కాదు. దాన్ని జ్ఞాపకమనడం లోకవాడుక. న్యాయశాస్త్రం మాత్రం అందుకు ఒప్పుకోదు. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో చేసిన నిర్వచనం ప్రకారం స్మృతి అంటే కేవలం సంస్కారం వల్ల, అనగా పూర్వానుభవం ఆత్మలో మిగిల్చిన ముద్ర వల్ల, పుట్టే జ్ఞానం. ముత్తాతను ఏనాడూ చూడని మునిమనవడిలో అటువంటి ముద్ర ఉండదు కాబట్టి అతనికి కలిగినది స్మృతి కాదు. ఒకసారి చూసినవారినే మళ్లీ చూసి పోల్చుకోవడమైన ప్రత్యభిజ్ఞ అంతకన్నా కాదు.

నైయాయికులు ఒప్పుకున్న ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దాలనే నాలుగు ప్రమాణాల్లో, అంటే యథార్థజ్ఞానానికి సాధనాల్లో, మూడోదైన ఉపమానం ఇక్కడ సరిగ్గా అన్వయిస్తుంది. గవయమనే మృగం ఆవును పోలి ఉంటుందని అడవిలో తిరిగేవాడు చెప్పగా విన్న మనిషి, తర్వాత అడవిలో అటువంటి జంతువు కంటబడినప్పుడు విన్న మాట తలచుకొని, గవయమంటే ఇదేనని తెలుసుకుంటాడు; పేరుకూ ఆ పేరు గల వస్తువుకూ ఉన్న సంబంధాన్ని ఇలా గ్రహించడమే ఉపమితి. "మీ ముత్తాత అచ్చం మీ పెదనాన్నలాగే ఉండేవారు, అదే నుదురు, అవే చెవులు, కాకపోతే పిలక ఉండేది" అని నాయనమ్మ ఎప్పుడో చెప్పిన మాట, ఏళ్ల తర్వాత ఆల్బమ్ తెరిచిన మనవడికి చేసే పని కూడా ఇదే. ఆమె పక్కనే కూర్చుని వేలు పెట్టి చూపితే అది శబ్దప్రమాణమని కొందరు వాదించవచ్చు. ఆ వాదం సమంజసమే. ఏ పేరుతో పిలిచినా, ఈ జ్ఞానానికి మూలం ఆప్తవాక్యం, అనగా ఉన్నది ఉన్నట్టు ఎరిగి, ఎరిగినది ఉన్నట్టు చెప్పేవారి మాట.

ఫోటో తనంత తాను ఈ పని చేయలేదు. నల్లని దళసరి కాగితంపై ముక్కోణపు మూలల్లో నిలిపిన చిత్రం, దానిపై పరచిన సాలెగూటి అచ్చు గల పలుచని కాగితం, చీకటిగా ఉన్న అంచుల్లో పైకి తేలిన వెండి నీలపు మెరుపు, అట్ట అడుగున ఉబ్బెత్తుగా ఒత్తిన స్టూడియో పేరు: ఇవన్నీ ఒక దేహం ఒకనాడు కెమెరా ముందు నిలిచిందని మాత్రమే రుజువు చేస్తాయి. తొడుక్కున్న కోటు స్టూడియోవారిది కావచ్చు. వెనుక కనిపించే మేడ గుడ్డ మీద గీసిన బొమ్మ కావచ్చు. 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైన ఈ విద్య కొద్ది కాలంలోనే భారతదేశానికి చేరినా, ఘోషా పాటించే స్త్రీల ముఖాలు చాలాకాలం దానికి అందలేదు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసమే ప్రత్యేక స్టూడియో తెరవవలసి వచ్చిందంటే ఆ లోటు ఎంతటిదో ఊహించవచ్చు.

పితృకర్మ ఫోటోకు పూర్తిగా భిన్నం: అక్కడ పేరు ఉంటుంది, ముఖం ఉండదు. దక్షిణాభిముఖంగా, యజ్ఞోపవీతాన్ని కుడిభుజం మీదికి మార్చుకొని, నువ్వులు కలిపిన నీటిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమగా విడిచే తర్పణంలో తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా పేరూ గోత్రమూ చెప్పి తలుస్తారు. ఒకరు మరణించాక జరిగే సపిండీకరణంలో వారి పిండాన్ని మూడు భాగాలుగా చేసి పై మూడు తరాలవారి పిండాల్లో కలుపుతారు. దాంతో అంతకుముందు మూడో స్థానంలో ఉన్నవారు వరస నుంచి తప్పుకొని, పిండం పెట్టిన చేతికి అంటిన మెతుకులకు మాత్రమే హక్కుదారులైన లేపభాగులవుతారు. పేర్లు మరుగున పడతాయని కూడా సంప్రదాయం ఎరుగును. పేరు తెలియని పితరులకు పృథివీషత్, అంతరిక్షసత్, దివిషత్ అనే సామాన్యనామాలు, అనగా భూమిలో, అంతరిక్షంలో, ద్యులోకంలో ఉండేవారన్న అర్థం గలవి, విధించి వారికీ నీరు అందేలా చూసింది. ఆ ఉదారత ఎంతో గొప్పది. అయినా పేరు మరచిపోవడానికి అది అనుమతి కాదు, నిస్సహాయులకు చూపిన దారి మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే ఆల్బమ్ శ్రాద్ధానికి బదులు కాదు, పోటీ అంతకన్నా కాదు. కర్మలో లేపభాగులుగా వెనక్కి జరిగినవారి ముఖాలను అది నిలుపుతుంది. పేరు పోయిన ముఖాన్ని మాత్రం బంధువుగా నిలపలేదు. ఆ లోటు ఎక్కువగా కుర్చీ పక్కన నిలబడిన స్త్రీల విషయంలో కనిపించడం బాధాకరం. స్టూడియో గడప తొక్కే స్తోమత లేని ఎన్నో కుటుంబాలకు అసలు ఆల్బమే లేదు. వారి వంశచరిత్ర నోటిమాటలోనే బతికింది. వంశరాజులని నేడు పిలిచే పిచ్చుకగుంట్లవారు ఊరూరా తిరిగి గోత్రాలూ వంశక్రమాలూ చెప్పడం అలాంటి ఆప్తవాక్యమే.

కాబట్టి ఆల్బమ్ ఉన్నవారు దాన్ని స్కాన్ చేయించేముందు ఇంట్లో మిగిలిన పెద్దవారి పక్కన కూర్చుని ప్రతి ముఖానికీ పేరు, వరస, ఊరు అడగాలి. విన్నది ఫోటో వెనుక మెత్తని పెన్సిల్‌తో ఒత్తకుండా, అతికించి ఉంటే కింది కాగితం మీద రాయాలి. స్త్రీల పేర్లు ముందుగా అడగాలి.