ఈల ఊదినవాడును, చూచి ఊరకున్నవాడును



2024 జూన్ 11వ తేదీ రాత్రి దోహా పట్టణములో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు ఖతర్ జట్టుతో ఆడెను. మరునాటి ఉదయము సఖినేటిపల్లి రేవులో నరసాపురము పోవు పంటు కొరకు మేము నిలిచియుండగా, మన అంతర్వేది సంఘపు యౌవనస్థులు నలుగురు సెల్‌ఫోనులో ఒకే దృశ్యమును మరల మరల చూచుచు పండ్లు కొరుకుచుండిరి. సంగతి ఏమనగా, 37వ నిమిషమున చాంగ్టే కొట్టిన గోలుతో మనవారు ముందుండిరి. 73వ నిమిషమున ఖతర్ ఆటగాడు తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపరు గురుప్రీత్ ఆపగా, అది గీత దాటి బయటికి దొర్లినట్టు ఆ దృశ్యములో కనబడుచున్నది. అయినను ఒకడు దానిని కాలితో లోపలికి లాగెను, మరియొకడు గోలులోనికి కొట్టెను. రిఫరీ దానిని గోలనెను. ఆ ఆటకు వీడియో చూచి తీర్పు సరిదిద్దుకొను ఏర్పాటు లేదు. మనవారు 2-1 తేడాతో ఓడి, ప్రపంచ కప్పు అర్హత పోటీలలో మూడవ రౌండునకు చేరలేకపోయిరి. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసెను గాని ఫలితము మారలేదు.

"అయ్యగారండీ, అలాంటి రిఫరీని చావగొట్టినా పాపం లేదండి" అని ఆ నలుగురిలో ఒకడు మాతో అనెను. ఆ పిల్లవాని సంగతి తరువాత చెప్పెదము.

అన్యాయము చూచి కోపము వచ్చుట పాపము కాదు. న్యాయము కొరకైన ఆకలిని దేవుడే మనలో పెట్టెను. ఇశ్రాయేలులో న్యాయాధిపతులను నియమించినప్పుడు మోషే వారికి ఏమి ఆజ్ఞాపించెనో ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయములో చదువుదుము. పరదేశియని, స్వజనుడని చూడవలదు. గొప్పవాని ముఖము చూచి భయపడవలదు. ఇట్టి భారము మోయువాడు తప్పినప్పుడు నష్టపోయినవాడు నొచ్చుకొనును. అయితే లంచము తిని తీర్పు త్రిప్పినవాడు వేరు, కంటికి అందక తప్పినవాడు వేరు. రిఫరీ పరుగెత్తుచు, ఇరువదియిద్దరి మధ్యనుండి, ఒకే తట్టునుండి, ఒకే మారు చూచును. మనము ఇంట కూర్చుండి పది తట్లనుండి పది మారులు చూచుదుము. 2018లో రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో రిఫరీకి కూడ వీడియో సహాయము నిచ్చిరి. జగడములు తగ్గినవా? ఇప్పుడు ఆ వీడియో చూచినవాని మీద కూడ జగడమే.

ఆ కోపమును విడిచిపెట్టినయెడల ఎంతదూరము పోవునో పెరూ దేశము చూచెను. 1964 మే 24న లీమా నగరములో పెరూకును అర్జెంటీనాకును ఒలింపిక్ అర్హత ఆట జరుగుచుండగా, పెరూ వారు వేసిన గోలును రిఫరీ చెల్లదనెను. జనులు మైదానములోనికి చొరబడిరి. పోలీసులు బాష్పవాయువు వదలిరి. బయటికి పరుగెత్తినవారికి మూసియున్న తలుపులు ఎదురాయెను. మూడు వందలకు పైగా జనులు త్రొక్కిసలాటలో ఊపిరాడక చనిపోయిరి. ఇదంతయు ఒక గోలు కొరకు!

అన్యాయమునకు ఎదురాడరాదా? ఆడవచ్చును. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో ప్రధానయాజకుడు పౌలును నోటిమీద కొట్టుమనగా, పౌలు కోపముతో గట్టి మాటయే అనెను. కొట్టించినవాడు ఎవడో తెలిసిన వెంటనే ఆ మాట వెనుకకు తీసికొనెను. అయితే తన న్యాయమును విడువలేదు. కైసరు ఎదుట చెప్పుకొందునని 25వ అధ్యాయములో పట్టుపట్టెను. దూషణ మానెను, ఫిర్యాదు మానలేదు. ఈ రెంటిని వేరుచేయుట మన ఊళ్లలో పెద్దలకే చేతకాదు, పిల్లలననేల?

ఇంతవరకు రిఫరీ సంగతి. మా మనస్సును కలచినది వేరొకటి. రిఫరీకి తెలియనిది అక్కడ ఒకనికి తెలిసియుండును. 1986 జూన్ 22న మెక్సికోలో ఇంగ్లాండు మీద మారడోనా చేతితో గోలు వేసెను. రిఫరీ చూడలేదు. మారడోనాకు తన చెయ్యి సంగతి తెలియదా? లోకము రిఫరీని నిందించెను, ఆటగాని నేర్పునకు నవ్వెను. 2012లో ఇటలీలో క్లోజె అను జర్మను ఆటగాడు, లాజియో జట్టు తరపున నేపోలి మీద వేసిన గోలు తన చేతికి తగిలినదని రిఫరీతో తానే ఒప్పుకొనెను. గోలు రద్దాయెను, అతని జట్టు 3-0 తేడాతో ఓడెను. జక్కయ్యను ఎవడును న్యాయస్థానమునకు ఈడ్వలేదు గదా. తానే లేచి, అన్యాయముగా తీసికొన్నది తిరిగి ఇచ్చెదననెను.

ఆటగాడే కాదు, చూచినవాడును ఉన్నాడు. లేవీయకాండము 5వ అధ్యాయము మొదటి వచనము మమ్మును చాల దినములు నిద్రపోనియ్యలేదు. సాక్షియైనవాడు తాను చూచినది తెలియజేయనియెడల ఆ దోషము వానిమీదనే నిలుచునని అక్కడ ఉన్నది.

2023 క్రిస్మసు తరువాతి వారములో సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల ప్రక్క ఇసుకలో, మన యౌవనస్థులకును పొరుగూరి సంఘపు యౌవనస్థులకును ఆట పెట్టితిమి. సరుగుడు కర్రలే గోలు స్తంభములు, వల లేదు. నరసాపురమునుండి ఒక చిన్నవయసు మాస్టారు తన ఈల తాను తెచ్చుకొని, ఏమియు పుచ్చుకొనక రిఫరీగా నిలిచెను. ఆట ముగియవచ్చినప్పుడు మన పిల్లవాడొకడు బంతిని చేతితో దించి గోలు కొట్టెను. అడ్డముగా ఉన్నవారి వీపులవలన మాస్టారు చూడలేదు. మేము కర్ర ప్రక్కనే కుర్చీలో ఉంటిమి, చూచితిమి. పిల్లవాడు ఒక్క క్షణము మా ముఖము చూచెను. అంతలో మనవారు వానిని భుజములకు ఎత్తుకొనిరి. అందరితోపాటు మేమును చప్పట్లు కొట్టితిమి.

పొరుగూరివారు మాస్టారిని చుట్టుకొని, డబ్బు తిన్నావనిరి. చొక్కా పట్టుకొని చింపిరి. ఈల లాగి సముద్రములో విసరిరి. అప్పుడు మేము లేచి వెళ్లి, సమాధానముగా ఉండుడని చక్కగా బోధించితిమి. చూచినది మాత్రము చెప్పలేదు. జనవరిలో ఉమ్మడి ప్రభు సంస్కారమునకు పొరుగూరివారు ఒక్కరును రాలేదు. వారి హృదయ కాఠిన్యమును గూర్చి మేము ప్రార్థన కూడ చేసితిమి.

రేవులో ఆ మాట అన్నవాడు ఆ పిల్లవాడే. అనిన తరువాత మా ముఖము చూచి, ఫోను జేబులో పెట్టుకొనెను. పంటు వచ్చెను. వశిష్ఠ నది దాటునంతసేపు మేమిద్దరము మాటలాడుకొనలేదు. నరసాపురము రేవులో దిగినప్పుడు, "మాస్టారి ఇల్లు తెలుసా?" అని అడిగితిమి. "తెలుసండి" అనెను.

మాస్టారు లోపలికి పిలిచి కుర్చీలు వేసెను. పిల్లవాడు తలవంచుకొని సంగతి చెప్పెను. మాస్టారు వానిని ఏమియు అనలేదు. మా వైపు తిరిగి, "అయ్యగారికి ఆ రోజే తెలుసాండీ?" అని అడిగెను. తెలుసునంటిమి. ఆయన చాలసేపు వాకిలి వైపు చూచి, "నేనే సరిగా చూడలేదేమో అని ఇన్నాళ్లూ అనుకుంటున్నానండి. మళ్లీ ఈల పట్టలేదు" అనెను.

ఆ ఆదివారము పొరుగూరి ఆరాధనలో మేమును పిల్లవాడును నిలువబడి ఉన్నది ఉన్నట్టు చెప్పితిమి. విని ఎవరును ఏమియు అనలేదు. తరువాత జరిగిన ఉమ్మడి సంస్కారమునకు వారిలో నలుగురు వచ్చిరి.