తూము నుంచి మడి దాకా

బోధన్ పక్క ఊళ్లో కొందరు చెరకు రైతులు జట్టు కట్టారు. 1937లో వెలసిన శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌట్ అయ్యాక, మిగిలిన కాస్త చెరకును ఒకే గానుగ మీద బెల్లం చేసుకుంటున్నారు. జట్టుకో వెబ్‌సైట్ కావాలనుకున్నారు. జట్టులోని ఒక పెద్దరైతు మనుమరాలు, నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్ల, ఆ పని ఎత్తుకుంది.

"మొత్తం నేనే రాస్త తాతా" అంది. లాగిన్ రాసింది. పాస్‌వర్డ్ మరిచినవాళ్లకు కొత్తది పంపే ఏర్పాటు రాసింది. ఫొటోలు ఎక్కించే పేజీ దగ్గర చిక్కుపడింది. ఈలోగా చెరకు కోతకొచ్చింది.

"రేపు గానుగ ఎవరి వంతో అండ్ల కనబడ్తదా బిడ్డా?"

"ఇంకా ఆడిదాక రాలే తాతా."

తాత ఆమెను పొలం గట్టుకు తీసుకుపోయాడు. గట్టు పక్కనే కాలువ. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు అందులో పారతాయి. "మీ ముత్తాత మంజీర కాడికెల్లి కాల్వ తవ్వలే బిడ్డా. ఈ తూము కాడికెల్లి మన మడి దాక తవ్విండు. గా పిల్లకాల్వ మనకు ఇంకొకలు తవ్వియ్యరు. మన మడి ఎత్తుపల్లాలు మనకే ఎరుక."

ఆమె వర్డ్‌ప్రెస్ తెచ్చి పెట్టింది. 2003 నుంచి ఎందరో దిద్దుతూ వస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. లాగిన్, ఫొటోలు, ప్రకటనలు అందులో ఉన్నవే. గానుగ వంతుకు మాత్రం ఏ రెడీమేడ్ క్యాలెండరూ కుదరలేదు. వాన పడి ఒకరి వంతు తప్పితే వెనకున్న అందరి తేదీలూ జరగాలి. ఆ లెక్క చూసే ఒక్క చిన్న ప్లగిన్ తనే రాసింది, వాడే పద్ధతి తెలుగులో రాసిపెట్టింది. తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ పోయింది. జట్టులో ఒకాయన ఫోన్‌లోనే సైట్ నడుపుతున్నాడు.

నీతి: అందరికీ కావలసింది తెచ్చుకోవాలి, మనకే ప్రత్యేకమైనది రాసుకోవాలి.

నేర్చుకోవడానికైతే మొదటి లైను నుంచీ రాయడం గొప్ప చదువే. ఆ పిల్ల ప్లగిన్ రాయగలిగింది దానివల్లనే. కానీ పదిమంది పంట ఎదురుచూస్తున్నప్పుడు సొంత కోడ్‌లోని ప్రతి లైనుకూ రేపు దిక్కెవరో ముందే తేలాలి. రెడీమేడ్‌కూ కాపలా తప్పదు. అప్‌డేట్లు వేయకపోతే లోకానికి తెలిసిన లొసుగుల్లోంచే దొంగలు దూరతారు. డొమైన్ జట్టు పేరిట ఉండాలి, పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గరుండాలి, బ్యాకప్ కాపీ సర్వర్‌లో కాక ఇంకోచోట ఉండాలి.